నేలచూపు

నీకంటే ముందు పుట్టిన ముగ్గురు దక్కలేదని
నిన్ను పెంటమీద పండవెట్టి
చాటెడు తౌడుకు మళ్ళ కొనుక్కున్నరంట.
అట్ల పెంటమ్మవైనవు.
తౌడు ధర పలికిన ఆ పానం
తొంబై మూడేండ్లు నడిచింది.

తొంబై మూడని నేనంటున్న.
ఆధార్ కార్డు ఎనభై ఒకటంటది.
నువ్వేమో,
"రజాకార్ల గడ్‌బడ్ల మీ పెదనాయిన కడుపుల ఉన్నడు.
జొన్నచేన్ల దాసుకున్న,
దగ్గొస్తే కొంగు నోట్ల కుక్కుకున్న.
ఆడికెల్లి నువ్వే లెక్కేస్కో" అనేదానివి.

లెక్కలు నీకు రావు.
పొద్దుగూకి మంద ఇల్లు జేరినంక మాత్రం
ఒక్క బొల్లిగొర్రె తక్కువైనా
నోటికాడి ముద్ద ఇడిసిపెట్టి లేచేదానివి.

మర్రిగూడకెల్లి మిషను బండొచ్చి
మన వాడకట్టుల బోరింగు ఏసిననాడు
మొదటి కొబ్బరికాయ కొట్టింది నువ్వే.
తాత పొట్టేలును కోస్తనంటే
"గంగమ్మ తల్లే వచ్చినంక నెత్తురెందుకు" అన్నవంట.
ఆ ముచ్చట చెప్పి చెప్పి నవ్వేదానివి,
గారపట్టిన పండ్లతోటి.

ముందు మోకాళ్ళు.
ఎనుక మెడ.
చేద తోడినన్నాళ్ళు నిటారుగ ఉన్న నడుము
బోరింగు కొట్టంగ కొట్టంగ
ఏడాదికి వేలెడంత నేలకు ఒంగింది.
పట్నం డాక్టర్లొచ్చి ఫోటో తీసుకపోయిండ్రు.
ఆ ఫోటో యాడ అచ్చయిందో మాకు ఎరుకలేదు.

నాకు ఊహ తెలిసినకాడికెల్లి
నువ్వు పైకి చూసింది లేదు.
రాత్రి వాకిట్ల కూసొని
"సందమామ ఎట్లున్నడురా ఇయ్యాల" అని అడిగేదానివి.
"కొరికిన రొట్టె లెక్క" అనేటోన్ని.
"ఎవరు కొరికిండ్రో, ఆకలైందేమో" అనేదానివి.

మనుషులంటే నీకు కాళ్ళే.
మట్టెలు వదులైతే, "ఆ పిల్ల సరిగ తింటలేదు."
మడమలు పగిలితే, "మల్లడు మళ్ళ కంకర పనికి పోతుండు."
తళతళలాడే బూట్లు గడప ముందు ఆగితే,
"కాళ్ళకు మట్టి అంటలేదు,
ఓట్లొచ్చినయా?"

నేను పదో తరగతి తప్పిననాడు
చీకటిపడ్డంక వచ్చి గడపల నిలవడ్డ.
నా కాళ్ళను జరసేపు చూసినవు.
"రొట్టె సల్లారుతుంది, లోపటికి రా" అన్నవు.
అంతే.
ఆ రాత్రి నాయినకు నువ్వేం చెప్పినవో గని
కట్టె గోడకే ఉంది.

పింఛను మిషను మీద నీ వేలిముద్ర పడకపోయేది.
"అరిగింది అరిగిపాయె,
యాడికెల్లి తెచ్చియ్యాలె బిడ్డా" అంటే
ఆ పోరడు తలకాయ దించుకున్నడు.
గప్పుడు కనబడ్డదేమో నీకు ఆని మొకం.

కృష్ణ నీళ్ళు నల్లాల వచ్చిననాడు
మొదటి గిలాస నీకే ఇచ్చినం.
ఒక్క గుక్క తాగి, "సప్పగున్నయ్" అని
రెండు ఉప్పుగల్లు ఏసుకున్నవు.
మేమందరం నవ్వినం.
నవ్వొద్దుండే.

నా బిడ్డకు పాలపండ్లు ఊడి కొత్తయి మొలిచినయి.
"చూపెట్టు" అన్నవు.
ఎట్ల చూపెట్టాల్నో అది మస్తు ఆలోచన చేసి
నీ మొకం కిందకు దూరి
పచ్చి పేడ అలుకు మీద ఎల్లెలుకల పండుకొని
నోరంత తెరిచి ఇకిలించింది.
నువ్వు శానసేపు చూసినవు.
"తెల్లగున్నయ్" అన్నవు.
మళ్ళ రెండు దినాలు అదే మాట,
గొర్రెలతోటి, పొయ్యితోటి, ఉత్తగనే.

పోయిననాడు
నిన్ను పాడె మీద పండవెట్టవోతే నడుము సాగలే.
ఎవరో, తాడుతోటి గట్టిగ కడితే సరి అన్నరు.
నాయిన ఒర్లిండు.
నేను పుట్టినకాడికెల్లి ఆయన అట్ల ఒర్లింది ఇనలే.
ఆఖరికి కుర్చీల కూసోవెట్టి,
గొంగడి కప్పి లేపినం.

మోసేటోళ్ళు మారిండ్రు.
నేను భుజం పట్టలే.
నీ ముందట నడిచిన,
మట్టి రోడ్డు మీద, చెప్పులిడిసి,
నీ చూపు ఆనేకాడ.

గుర్తువట్టినవా?