సొరంగంలో పదకొండు కిలోమీటర్లు

ఫారో దీవుల్లో ఉన్న మరుగుదొడ్లన్నీ నాకు తెలుసు.
ఏది ఎప్పుడు తాళం వేస్తారో,
ఏ చర్చివాళ్ళు ఆదివారం తప్ప తెరవరో,
ఏ పెట్రోలు బంకు కుర్రాడు నా ముఖం చూడగానే
మాట్లాడకుండా తాళంచెవి చాచి పట్టుకుంటాడో.
పదహారేళ్ళుగా బస్సు నడుపుతున్నదాన్ని,
ఊళ్ళ పేర్ల కంటే ఇవే ముందు గుర్తొస్తాయి.

సముద్రం కింది సొరంగంలో మాత్రం ఒక్కటీ లేదు.
పదకొండు కిలోమీటర్లు.
నడిమధ్య, నీటి అడుగున, గుండ్రటి మలుపు,
నీలం ఎరుపు దీపాలు.
టూరిస్టులు ఫోన్లెత్తి అబ్బా అంటారు.
నేను పళ్ళు బిగించి అంకెలు లెక్కపెడతాను.

కంచే చేను మేస్తే అంటారు కదా,
నాలో కంచె ఎనిమిదేళ్ళుగా మేస్తోంది.
డాక్టర్ మార్యూన్ ఇంత సొగసుగా చెప్పలేదు:
"మీ ఒంటి రక్షణే మీ పెద్దపేగును పరాయిదనుకుంటోంది."
పరాయిదా!
నాతో పుట్టి, నాతో తిని,
పెళ్ళినాడు నాతోపాటు వణికినది.

మొదట స్టెరాయిడ్లు.
ముఖం చంద్రబింబమైంది, ఇది పొగడ్త కాదు.
రాత్రి మూడింటికి లేచి అల్మారాలు కడిగేదాన్ని.
తర్వాత మాత్రలు, ఆరు వారాలకే కాలేయం ఒప్పుకోలేదు.
తర్వాత డ్రిప్పు. అది పనిచేసింది.
పద్నాలుగు నెలలు మనిషిలా బతికాను,
ఆపైన ఒంట్లో ఆ మందుకే విరుగుడు పుట్టింది.
నా కంచె ఎంత చురుకైనదంటే
తనను కట్టేయడానికి తెచ్చిన తాడును కూడా మేసేసింది.

సర్జన్ వచ్చి పొట్ట మీద పెన్నుతో సున్నా చుట్టాడు,
"అవసరమైతే ఇక్కడ" అని.
మూడు స్నానాలకు కూడా ఆ సున్నా చెరగలేదు.
నేనూ గట్టిగా రుద్దలేదు.

ఇప్పుడు నాలుగో మందు.
ఎనిమిది వారాలకొకసారి, కిటికీ పక్క కుర్చీ.
నర్సు బిర్నా నరం వెతుకుతూ తన గొర్రెల సంగతులు చెబుతుంది.
పక్క కుర్చీలో పందొమ్మిదేళ్ళవాడు, చేపల ఫ్యాక్టరీలో పని,
అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదట.
కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని వాడి భయం.
"పడితే పడనీ" అన్నాను,
"నాది ఎన్నిసార్లు పడిందో. తుడుచుకుని బస్సెక్కాను."
వాడు నవ్వలేదు.
కాసేపాగి అడిగాడు, సొరంగంలో ఎలా నడుపుతారని.
సమాధానం చెప్పేలోపు వాడి సంచి ఖాళీ అయి మిషన్ కూసింది.

కంచె నిద్రపోతే చేను తేరుకుంటుంది, నిజమే.
కానీ నిద్రపోయే కంచె ఎవరినీ ఆపదు.
బస్సులో ఎవరు దగ్గినా నా వీపు వింటుంది.

తమ్ముడు హోగ్ని అక్టోబరులో గొర్రెమాంసం వేలాడదీశాడు,
చెక్కసందుల్లోంచి ఉప్పుగాలి దూరి
నెలల తరబడి దాన్ని మాగబెట్టే కొట్టంలో.
క్రిస్మస్ వేళ మొదటి ముక్క ఎప్పుడూ నాకే.
ఈసారీ కోశాడు, కత్తి మీద పెట్టి చాచాడు,
సగంలో గుర్తొచ్చి ఆగిపోయాడు.
ఉడకనిది, బూజు పట్టినది, నాకు కూడదన్నారు.
వాడు తినలేదు, వెనక్కీ పెట్టలేదు.
గాలి మా ఇద్దరి మధ్య నుంచి పోయింది.
నేను వంగి వాసన చూశాను.
వాసన వద్దని ఏ డాక్టరూ అనలేదు.

నిన్న సాయంత్రం చివరి ట్రిప్పు.
వాన. అయిదుగురు ప్రయాణికులు, ఒక కుక్క.
సొరంగంలోకి దిగాను.
నీలం ఎరుపు దీపాలొచ్చాయి.
అప్పుడు తెలిసింది,
ఎంతవరకు లెక్కపెట్టానో గుర్తులేదని,
అసలు మొదలుపెట్టానో లేదో కూడా.

భయమేసింది.
గబగబా అందుకున్నాను.
ఒకటి. రెండు. మూడు.
ఏడు దగ్గర కుక్క ఆవులించింది.
నాకూ ఆవులింత వచ్చింది.