కొట్టిన శత్రువును

స్టోన్‌హౌస్‌పేటలో జిరాక్సు షాపు మిద్దెమీద
శనివారం రాత్రి పదకొండున్నర.
గ్రాఫు కాగితం మీద గుహ.
గుహ నోట్లో సోడామూత, అది పెంచల్ వీరుడు.
ఎదురుగా చింతపిక్క, అది ఉప్పు రాకాసి.
వీరుడికి మిగిలిన ప్రాణాలు రెండు.
రాకాసికి నాలుగు.

ఒక దెబ్బ వేశాడు, తగిలింది.
వెంటనే పాచిక మళ్లీ ఎత్తాడు.
"ఆగబ్బా" అంది జరీనా. ఆట నడిపేది తనే.
"ఇంకోటి యాడిది?"
"తిరుగుదెబ్బ ఉండాది గదా నాకు."

నోటు పుస్తకం తెరిచారు.
నేను రాసిందే, నలభై ఏడో పేజీ.
*తిరుగుదెబ్బ: కొట్టిన శత్రువును తిరిగి కొట్టవచ్చు.*
అంతే. నాలుగు మాటలు.

"నేను కొట్టిన శత్రువు" అన్నాడు పెంచల్,
"కొట్టా. మళ్లీ కొడతా."
"నిన్ను కొట్టిన శత్రువు" అంది జరీనా,
"ముందు వాడు కొట్టాల. బతికుంటే నువ్వు బదులు కొట్టాల."
"వాడు కొడితే ఇంక బతికేదేంది, రెండే ప్రాణాలు!"

సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసే ఇజ్రాయేలు
కళ్లజోడు నుదుటికెక్కించాడు.
"కరిచిన కుక్క అంటే కరిచింది ఎవరు? కుక్క.
అట్టనే కొట్టింది శత్రువు."
"మరి వండిన చేప అంటే?
చేపే లేచి పొయ్యి ముట్టించిందా?"
మిద్దె అదిరేట్టు నవ్వాం.
కింద షట్టరు మీద ఎవరో దబదబా బాదారు.

నవ్వనిది ఇజ్రాయేలొక్కడే.
"మా దగ్గరొక కాగితం ఉండాది,
'అమ్మిన నారపరెడ్డి పొలం' అని.
అమ్మింది నారపరెడ్డా, అమ్ముడుబోయింది పొలమా,
తేలక పద్దెనిమిదేళ్లు.
మొన్న కూడా వాయిదానే."

"తిరిగి అంటే మళ్లీ" పెంచల్ వదల్లేదు.
"తిరిగి ఇవ్వు అంటే మళ్లీ ఇమ్మనా?
తీసుకున్నది ఇమ్మని."

అప్పటిదాకా గాయాలకు కట్లు కట్టే పాత్రతో
మూలన గమ్మునున్న వకుళ అంది,
"కొట్టవచ్చు అనుంది. కొట్టాలి అని లేదు.
కొట్టకపోతే ఏమవుద్ది?"
దానికెవరూ జవాబు చెప్పలేదు.

"రాసింది నువ్వే గదా, చెప్పు"
అందరూ నా వైపు తిరిగారు.

ఎప్పుడు రాశానో గుర్తుంది.
ముత్తుకూరు రోడ్డులో రొయ్యల ప్లాంటు,
ఐసు దించడం ఆలస్యమైందని
సూపర్‌వైజరు చెంపమీద కొట్టిన రోజు.
నలభై మంది రొయ్యలు వొలుస్తూనే చూశారు.
నేను గ్లౌజు సర్దుకున్నా.
రాత్రి రూముకొచ్చి
తిరుగుదెబ్బ అని రాసి కింద గీత గీశా.
ఏం అనుకుని రాశానో మాత్రం తెలీదు.
'వచ్చు' దగ్గర పెన్ను ఆగినచోట చుక్క ఊరి
పేజీ వెనక్కి దిగింది,
అది ఇప్పటికీ ఉంది.

"గుర్తులేదబ్బా" అన్నా.

"రాసినోడికి గుర్తులేకపోతే రాతే చెల్లుద్ది" ఇజ్రాయేలు.
"రాత ఏం చెప్తాందో తెలీకే గదా
రాసినోణ్ని అడిగింది" వకుళ.

జరీనా చింతపిక్కను వేలితో రెండు సార్లు తిప్పింది.
"సరే. పెంచల్ మాటే ఖాయం.
కానీ రూలు అందరిదీ.
ఇయ్యాల్టి నుంచి నా రాకాసులు కూడా రెండేసి కొడతాయి."
పెంచల్ చేతిలో పాచిక
కాసేపు చెమట పట్టింది.

వేశాడు.
గ్రాఫు దాటి, చాప దాటి,
జిరాక్సు కాగితాల పెట్టెల సందులోకి దొర్లింది.
సెల్‌ఫోను లైటు వేసి చూస్తే
పెట్టె అంచుకు ఆనుకుని ఏటవాలుగా నిలబడింది,
ఒక పక్క పదిహేడు, ఒక పక్క మూడు.
"పదిహేడు!"
"కింద పడింది, చెల్లదు!"
"చెల్లదని యాడుంది?"

యాడా లేదు.
జరీనా పుస్తకం నా ఒళ్లోకి తోసింది,
"రాయి. ఈసారన్నా తేటగా రాయి."
పెన్ను మూత తీశా.
*కింద పడిన పాచికను తిరిగి*
అందాకా రాసి, ఆగా.