పరిగె

జీడిపిక్కలు కాల్చిన పొగ
కాశీబుగ్గ మీద వాలే వేళకి
యూనియన్ పాక ముందు నేను చదివేవాణ్ణి.
నున్నటి కాగితం, మాస్కో వాసన.
మాస్కో వాసనేమిటో నాకేం తెలుసు,
కొత్త అచ్చు వాసనకి మేం పెట్టుకున్న పేరది.

ఇరవై రెండేళ్ళు నాకు. గొంతు బాగుండేది.
"సమష్టి క్షేత్రంలో గట్లు లేవు" అని చదివితే
వెనక బల్ల మీంచి గవరయ్య ఈల వేసేవాడు.
బుగత లేడు, కంబారి లేడు,
ట్రాక్టరు మీద తలగుడ్డ కట్టుకున్న పిల్ల
గోధుమ చేనంతా తనదే అన్నట్టు నవ్వుతోంది.

తవిటమ్మ ఒక్కతే అడిగింది,
వేళ్ళకంటిన జీడి చమురుని బూడిదతో రుద్దుకుంటూ:
"మరక్కడ పరిగె ఎవులేరుకుంతారు బాబూ?"

పాకంతా నవ్వింది. నేనూ నవ్వాను.
"ఆకలే లేనిచోట పరిగెందుకప్పా" అన్నాను.
ఆమె నవ్వలేదు.
కోతలైన మళ్ళో, బుగత మనిషి కేకేసేలోగా
వంగి వంగి వెన్నులేరిన నడుము ఆమెది.
ఆ నడుముకి నా జవాబు ఆనలేదు.

ముప్ఫై నాలుగేళ్ళ తర్వాత
కళ్ళజోడు పెట్టుకుని ఇంకో పుస్తకం చదివాను.
ఆ దేశంలోనే ముళ్ళకంచె లోపల మంచు తవ్వి,
బతికొచ్చిన ముసలాయన రాసుకున్నది.
ఈ కాగితం నున్నగా లేదు.

రొట్టె తూచిన తీరు రాశాడు.
పని లెక్క తేలినవాడికి ఇంత,
తేలనివాడికి అందులో సగం.
సగం తిన్నవాడికి మర్నాడు అసలే తేలదు.
చచ్చినవాణ్ణి గోడకి చేరగిలబెట్టి
పొద్దున వాడి వంతు రొట్టె కూడా పుచ్చుకున్నారట.

పొలాల సంగతీ రాశాడు.
ఏడాది పొడుగునా పనిదినాలకి చిట్టాలో గీతలు,
చివర్న గోనె అడుగు కప్పని గింజలు.
పేజీ తిప్పితే,
కోసేసిన చేలో రాలిన వెన్నులేరిన ఒక తల్లికి
పదేళ్ళు.
పరిగెకి
పదేళ్ళు.

పుస్తకం మూసి చెప్పులేసుకున్నాను.

తవిటమ్మ ఇప్పటికీ పప్పు బట్టీలోనే,
గుండు ఒక పక్కకి, బద్ద ఒక పక్కకి.
షిఫ్టు దిగి, గేటు దగ్గర
కొంగు దులిపి చూపించి వస్తోంది.
ఒక్క పలుకు రాలినా ఆ రోజు కూలి గల్లంతు.
రెండూ ఒకటే అనను, అంత అబద్ధం ఇంక చెప్పలేను.
ఈ గేటు బయట టీ బడ్డీ ఉంది, కాంప్లెక్సుకెళ్ళే ఆటో ఉంది.
ఆ గేటు బయట మంచే.

"నీకు తప్పు చెప్పానప్పా" అన్నాను.
"ఎప్పుడు?"
ఆమెకి గుర్తు లేదు.
అడిగినామె మరిచిపోయిన ప్రశ్నని
ఇన్నాళ్ళూ నేను మోస్తున్నాననుకోవడం కూడా గొప్పే.
నిన్నటిదాకా నాకూ గుర్తు లేదు.

ఇంటికి తీసుకెళ్ళింది. టీ పెట్టింది.
గోడ మీద ఆ ట్రాక్టరు పిల్ల ఇంకా ఉంది,
మైదా ఊడి ఒక మూల లేచింది,
తలగుడ్డ మీద తడి మరక.
"చింపెయ్యనా?" అన్నాను.
"ఏటికి? ఆ గుంట నవ్వింది నిజిమే కదా.
ఫొటో తీసినోడు నవ్వమన్నాడు, నవ్వింది.
ఆ రేత్రి ఏటి తిన్నాదో
నీ కాయితంలో నేదు, అంతే."

చాలాసేపటికి,
గ్లాసులు కడిగి బోర్లించాక,
"ఆ తల్లి ఎంతేరిందేటి?" అంది.
పుస్తకంలో రాయలేదన్నాను.

కొంగు పట్టి, దాని కింద దోసిలి చేసింది.
జీడి తిన్న చర్మం, గోళ్ళ చుట్టూ మానని నలుపు.
"ఇంతుంటాదా?"
దోసిలి కొంచెం మూసింది.
"ఇంత?"