కుట్టుకి వదిలిన గుడ్డ

మా నాన్న రోజుని సైరన్ కత్తిరించేది.
మల్కాపురం గోడలదిరేలా
పొద్దున్నొకటి, మధ్యాహ్నమొకటి, సాయంత్రమొకటి.
ఆఖరి కూతకి షిప్‌యార్డు గేటు తెరుచుకుని
సైకిళ్లు గట్టు తెగినట్టు బయటపడేవి.
ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక
ఓడ ఆయన్ని అడిగేది కాదు,
ఆయన ఓడని అడిగేవాడు కాదు.

నాకు సైరన్ లేదు.
రేకుల షెడ్డులో పదకొండు మిషన్లున్నాయి,
నెలకోసారి అలిగే ఓవర్‌లాక్ ఉంది,
నా కలలోకి కూడా వచ్చి మోగే ఫోనుంది.

మే నెల ఉక్కలో, ఒళ్లంతా ఉప్పై కారుతున్నప్పుడు
స్కూళ్లన్నీ ఒక్కసారే మీద పడతాయి.
గాజువాక కాన్వెంటుకి నాలుగొందల నిక్కర్లు,
సింధియా దగ్గర బడికి మెరూన్ గళ్ల గౌన్లు,
మధ్యలో పోర్టు కాంట్రాక్టరు అప్పారి గారు
అరవై బాయిలర్ సూట్లు, అర్జెంటు, అంటారు.
అందరికీ ఒకటే మాట చెప్పాను: రేపు.
ఒకే రేపుని ఏడుగురికి తాకట్టు పెట్టినదాన్ని
నేనే అయ్యుంటాను ఈ వీధిలో.

గోడ మీద సుద్దతో రాసుకున్నాను.
ఐదింటికి లేవాలి. ఐదున్నరకి కటింగు.
ఎనిమిదికి గుండీల లెక్క. తొమ్మిదికి బ్యాంకు.
బ్యాంకు పదింటికి గానీ తియ్యరని
రాసేటప్పుడు గుర్తు రాలేదు.
దర్జీ సుద్ద. సముద్రపు చెమ్మ గాలి.
సాయంత్రానికి సగం అక్షరాలుండేవి కావు.
చేసి చెరిపినవేవో,
చెయ్యకుండానే చెరిగిపోయినవేవో.

ఆ రాత్రి ఒంటిగంట దాటాక
కత్తెర నా చేతిలో లేదు, నేనే కత్తెర చేతిలో ఉన్నాను.
తెల్లారి చూస్తే బల్ల మీద
నలభై గౌన్లకి నలభై ఎడమ ముక్కలు, ఇంకో నలభై ఎడమ ముక్కలు.
కుడి వైపన్నది ఒక్క పిల్లకీ లేదు.
తిప్పి వాడదామంటే వెనక వైపు రంగు వెలవెల.
కోసిన గుడ్డని బతిమాలి లాభం లేదు.
తానులో మిగిలింది మూరెడు.

కాజాలు కుట్టే నూకరత్నం
ఒంటిగంటకి టంచనుగా లేస్తుంది.
గుమ్మం బయట మెట్టు మీద కూచుని
చద్దన్నం తిని, చెయ్యి కడుక్కుని,
దూరంగా క్రేన్లు వంగి లేవడం చూస్తుంది.
ఇరవై నిమిషాలు. ఏమీ చెయ్యదు. నిజంగా ఏమీ.
నాకు ఒళ్లు మండేది.
శనివారం లెక్కల్లో మాత్రం దానివే ఎక్కువ కాజాలు.
ఎలాగే అంటే
"సూది కాల్తాదమ్మా. కాల్తే దారం తెగిపోద్ది. మరేటి."

అదే వారం కొత్తపిల్ల గౌరీశ్వరికి కటింగు నేర్పుతున్నాను.
"గీత మీదే కోసెయ్యకు.
కుట్టుకి అరంగుళం వదులు.
ఎదిగే పిల్లల గౌనుకి
అంచులో మూడంగుళాలు మడిచి దాచు,
ఎప్పుడు విప్పుతారో వాళ్లిష్టం."
చెప్తూ చెప్తూ
నోట్లో గుండుసూదులుండగానే ఆగిపోయాను.
పద్నాలుగేళ్లుగా నా రోజుల్ని
గీత మీదే కోసుకొస్తున్నాను.
ఎక్కడ పట్టుకుని లాగినా పిగులుతున్నాయంటే పిగలవా?

ఇప్పుడు పదకొండింటి దాకా
ఫోను బాబిన్ల డబ్బాలో పడుకుంటుంది.
అంతవరకూ కటింగు ఒక్కటే.
అప్పారి గారు స్వయంగా వచ్చారొకరోజు,
గుమ్మంలో నిలబడి డబ్బాలో గుడగుడ విన్నారు,
బాయిలర్ సూట్లు కంచరపాలెం పట్టుకుపోయారు.
ఆ నెల కరెంటు బిల్లు చీటీ పాడి కట్టాను.
ఎడమ ముక్కలు మాత్రం మళ్లీ కొయ్యలేదు.
దీన్ని లాభంలో రాయాలో నష్టంలో రాయాలో
ఖాతా పుస్తకంలో గడి లేదు.

నాన్న లేరు. సైరన్ ఇంకా ఉంది.
సాయంత్రం అది కూయగానే "ఆపండే" అంటాను.
పది మిషన్లు ఆగుతాయి.
ఫ్యాను చప్పుడు అప్పుడు తెలుస్తుంది.
పదకొండోది నా కాలి కిందుంది.
ఈ ఒక్క నిక్కరు. ఈ ఒక్క జేబు.
నూకరత్నం చెప్పులేసుకుంటూ
నా వైపు చూడదు.
మెయిన్ స్విచ్ వైపు చూస్తుంది.