నరం లేని నాలుక

మంగళవారం. బోరా గాలి ట్రియెస్తే కిటికీల్ని
అప్పులవాడిలా బాదుతోంది.
నా బల్ల మీద ఓ గాజు పలక,
దాని మీద వేలిగోరంత కూడా లేని నాలుక ముక్క:
లివియో ష్కెర్క్, యాభై ఎనిమిది,
రేవులో కాఫీ రుచి చూసే ఉద్యోగం.

ముప్పై ఏళ్లుగా చెంచాతో జుర్రి, ఉమ్మి,
ఏ కొండ గింజో, ఏ ఓడలో చెమ్మెక్కిందో చెప్పిన నాలుక.
కుడి అంచున బఠాణీ అంత గడ్డ.
నొప్పి లేదు. ఆ లేకపోవడమే
భార్యను భయపెట్టిందట.

మొదటి ఆసుపత్రివాళ్లు పైపైన గిల్లి పంపారు.
అందులో పైపొర కణాలు వేళ్లూనినట్టు
కిందికి దిగబడి ఉన్నాయి.
క్యాన్సర్ అనుమానం, అని రాశారు.
నేనైనా అదే రాసేదాన్ని.
రాశాను కూడా, పద్దెనిమిదేళ్ల కిందట,
ఉడినెలో, ఒక వడ్రంగి భార్య విషయంలో.
సగం నాలుక తీసేశాక తెలిసింది.
ఆమె పేరు ఇక్కడ చెప్పను.

అందుకే ఫోన్ చేశాను: ఇంకాస్త లోతుగా కోసి పంపండి.
సర్జన్ విసుక్కున్నాడు. పంపాడు.

పైన పటారం, లోన లొటారం అంటారు కదా,
ఇది తిరగబడ్డ సామెత.
పైన పులిగోళ్లు. లోన
గోధుమరవ్వ నింపిన సంచుల్లా
బొద్దుగా, తొందరేమీ లేని కణాలు.
రంగు వేసి సాయంత్రం దాకా ఆగాం.
నెవియా రేడియోలో ఫుట్‌బాల్ స్కోరు వింటోంది.
ముక్క మొత్తం ఇటుక రంగుకి తిరిగింది:
నరానికి చొక్కా తొడిగే కణాలివి,
దారి తప్పి ఒకచోట గుంపు కట్టాయి.

నరం లేని నాలుక ఏమైనా అంటుందంటారు.
ఈ నాలుక నరం పేరే చెప్పింది.
మధ్యలో అబద్ధమాడింది పైపొర.

అరుదైనది. ప్రమాదం లేనిది. పూర్తిగా తీస్తే చాలు.
మూడుసార్లు చదువుకుని సంతకం పెట్టాను.
అతన్ని నేను చూడలేదు, చూడబోను.
రుచి మిగులుతుందా అని సర్జన్‌ని అడిగాడట.
అది నా మైక్రోస్కోపులో కనపడదు.

నెవియా కాఫీ తెచ్చింది. మెషీన్‌ది, మాడు వాసన.
ఎందుకో వెంటనే మింగకుండా
నాలుక కుడి అంచున కాసేపు ఉంచుకున్నాను.

పళ్లెంలోంచి తర్వాతి పలక తీశాను.
దీన్ని రెండోసారి చూడాల్సిన పని లేదు.
చూశాను.