ఇష్టమైన బ్యాండ్లు

ఒంగోలు కాలేజీలో గిటార్ వాయించే
మా అన్న మనవరాలు షారోను
సెలవులకు కావలి వచ్చి మంచం పట్టె మీద కూచోని అడిగింది:
"తాతా, నీకిష్టమైన బ్యాండ్లు ఏవి?
నీ వాయింపు మీద ఎవరి ప్రభావం ఉండాది?"

ప్రభావమంటే ఏందో నాకు తెలవదమ్మా.
బ్యాండ్లంటావా, చెప్తా.

ఉదయగిరి మౌలాలి బ్యాండు.
ఎర్రకోట్లు, ఇత్తడి గుండీలు, కాళ్లకు చెప్పుల్లేవు.
కొండ దిగి వస్తా ఉంటే ముందు డ్రమ్ము వినపడేది,
ఆనక దుమ్ము కనపడేది,
మనుషులు ఆఖర్న.

కందుకూరు పిచ్చమ్మ బ్యాండు.
మొగుడు పోతే బాకాలు అమ్ముకోకుండా
తనే జీతాలిచ్చి నడిపింది.
సరిగమలు రావామెకు.
తప్పు వాయిస్తే మాత్రం వంటల కాడున్నా కనిపెట్టి
"ఎవుడ్రా అన్నంలో రాయేసింది" అని కేకేసేది.

టంగుటూరోళ్ల బ్యాండు పేరు మర్చిపోయినా.
వాళ్ల ట్రంపెట్టోడు పొగాకు బ్యారన్ కాడ
రాత్రంతా మంట ఎగదోసి
తెల్లారి పెళ్లికొచ్చేవాడు.
వాడి పాట దగ్గర నిలబడితే మొహం కాలేది.

ఇంక మాది, దస్తగిరి బ్యాండు.
పన్నెండో ఏట చేరితే చేతికి క్లారినెట్టు ఇయ్యలా,
నెత్తిన గుడ్డ చుట్టి పెట్రోమాక్స్ లైటు పెట్టినారు.
మూడేళ్లు వెలుగు మోసినా.
లైటు కింద ఉన్నోడికి పురుగులు తప్ప ఏమీ కనపడవు.
వినపడేదంతా నాదే.

ఇంకెవరంటావా?
మా చర్చి హార్మోనియంలో ఒక రీడు తెగిపోయుండేది.
ఆ మెట్టు వచ్చినప్పుడల్లా సువార్తమ్మ
తన గొంతు పెట్టి గుంట పూడ్చేది.
బిట్రగుంటలో బొగ్గింజన్లు
ఆగినాక కూడా రొప్పతా ఉండేయి,
ఊపిరెట్టా దాచుకుంటాయో చూద్దామని
పట్టాల పక్కన రాత్రిళ్లు కాపలా కాసినా.
పీర్ల పండక్కి మా నాయన డప్పు కొట్టి వచ్చి
చెంప నిమిరితే
ఆ అరచేతిలో ఇంకా దరువు ఆడతానే ఉండేది.

ఒకటుండాది, ఎవురికీ చెప్పబాక.

దస్తగిరి మాస్టారికి ముందుపళ్లు నాలుగూ రాలినాయి.
క్లారినెట్టుకు పళ్లే పునాది.
అల్లూరు పెళ్లికి బయానా తీసుకోనుండాం.
ఆయన ముందు వరసలో నిలబడి
క్లారినెట్టు నోట్లో పెట్టుకున్నాడు.
పెద్ద డ్రమ్ము చాటున నేను ఊదినా.
వేళ్లు ఆయనవి, గాలి నాది.
నోట్లు ఆయన కోటుకు గుచ్చినారు.

మూడో పాట కాడ
ఆయన వేళ్లు నా పాట వదిలేసి
వేరే దోవన పొయ్యినాయి.
నేను ఊదేది ఒకటి,
ఆయన మూసి తెరిచేది ఇంకొకటి.
ఆయన మోచేతి సందులోంచి చూస్తానే ఉండా.
చప్పుడు లేని పాట,
అంత మంది జనంలో.

అది ఏం పాటో ఈనాటికీ తెలవదు.
ఇంటికొచ్చి ఆ వేళ్లు గుర్తు చేసుకుంటా ఊదితే
సగం దాకా వచ్చింది.
ఆపైన ఒక చోట ఆయన చిటికెనవేలు
ఊరికే గాల్లో ఆగింది చూడూ,
అది యాడ పెట్టాల్నో నలభై ఏళ్లుగా వెతకతా ఉండా.

బస్టాండులో నోట్లు లెక్కబెట్టి
సగం నా చేతిలో పెట్టినాడు.
"ఇది నీ గాలికి" అన్నాడు.
మిగతా సగం దేనికో చెప్పలా.

షారోను ఏమీ అనలా.
తన చెవిలోది ఒకటి పీకి నా చెవిలో పెట్టింది.
"ఇది నా బ్యాండు తాతా."
ఎవరో తెల్లోళ్లు.
ఎండాకాలం రేకుల మీద వడగళ్ల మాదిరి ఒకటే రొద.
మధ్యలో ఒకడు కూత ఎత్తబోయి
ఎందుకో ఆపుకున్నాడు.

"వీడికీ పళ్లు లేవా ఏందే?" అన్నా.
పకపకా నవ్వి మంచం మీదనించి పడబోయింది.

నవ్వు ఆగినాక
మళ్లా పెట్టమన్నా,
మొదటినించి కాదు,
వాడు ఆపుకున్న కాడినించి.