మూడో వంతు

ఎండ యాభై దాటిన రోజు
జహ్రాల ఒక ఇంటికి పిలిచిన్రు.
ఏసీ పని కాదట,
వేడి పుట్టియ్యాల్నట.

నవ్వొచ్చింది. పొద్దంత మిద్దెల మీద
కంప్రెసర్ల పక్కన ఉడికినోణ్ని.
మిషాల్, పదకొండేండ్ల పిల్లగాడు,
పాత టీవీ స్టాండుకు అద్దం బిగిచ్చి చేసిన పెట్టె చూపెట్టిండు.
లోపల కట్టె లెక్క పడున్నది ఒక జీవం.
ఉడుము తీరున్నది గని ఉడుము కాదు,
తోక నిండ ముండ్లు, ఒలిచిన మక్కకంకి వరుసలు.
"దబ్" అన్నడు.
వాళ్ళ మామ ఇసుకలకెల్లి పట్టుకొచ్చిండట.

ఖాదర్‌బీ చాయ్ తెచ్చింది. రాయచోటి మనిషి.
"సలికి బిగుసుకపోయినాదన్నా,
రేత్రంతా పద్దెనిమిది మీద పెడతారు.
నాకే పండ్లు కొట్టుకుంటాయి,
దుప్పటి కప్పుకునేది దానికేం తెలుసు?"

టేపు చుట్ట విప్పిన.
ఎక్స్‌రే ఫిల్మంత పల్చన,
రెండంచులకు రాగి పట్టీలు,
నడుమ నల్ల గీతలు, నిచ్చెన మెట్ల తీరు.
గీత మీద కొయ్యద్దు. గీతకూ గీతకూ నడుమ కొయ్యాలె.
మడత పడద్దు. మడత పడ్డకాడ కాలుతది.
క్లిప్పు పండ్లు రాగిని కొరికినప్పుడు
చిన్నగ టక్కుమంటది,
ఆ సప్పుడు ఇనకుంటే పట్టనట్టే.
మొదటిది నాకు ఇనబడలే.
తీసి మళ్ల నొక్కిన.

కింద మొత్తం పరుస్తవా, అడిగిండు మిషాల్.
మొత్తం అద్దు. మూడో వంతే.
ఎందుకు?
నాది అంగట్ల నేర్చిన అరబ్బీ,
పైపులకూ పైసలకూ సరిపోతది అంతే.
రెండు చేతులు సాపి చూపెట్టిన,
ఈడ ఎక్కువైతే ఆడికి పోవాలె అని.
తల ఊపిండు గని, నమ్మలే.

సెన్సరు ముప్పై ఆరంటది.
నా అరచెయ్యి ఇంకో జర అంటది.
సెన్సరు మాటే ఇన్న.
తొమ్మిదేండ్లు కాలిన రేకులు పట్టిన చెయ్యి,
దాని లెక్క ఎప్పుడో తప్పింది.

దబ్‌ను ఎచ్చటి దిక్కు పండవెట్టినం.
అరగంటకు ఒక కన్ను తెరిచింది.
ఒక్కటే.
ఖాదర్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

నాలుగొద్దులకు ఫోను: పాడయింది, రా.
పోయి చూస్తే టేపు మంచిగనే ఉన్నది.
దబ్ ఎచ్చటి పలక ఇడిసిపెట్టి
సల్లటి మూలకు పోయి
గడ్డం నేలకు ఆనిచ్చి కూసున్నది.
పిల్లగాని కండ్లల్ల నీళ్ళు,
వేడి దానికి నచ్చలేదని.

పాడు గాలే బిడ్డా, గిదే పని జేసుడంటే,
అన్న తెలుగుల.
ఖాదర్‌బీ వానికి అరబ్బీల చెప్పింది.
ఆమెది పన్నెండేండ్ల అరబ్బీ,
నేనన్నదానికంటే చాన పొడుగు చెప్పింది.
ఏం చెప్పిందో నేను అడగలే.
వాడు పెట్టె దిక్కు చూసుడు ఆపి
ఆమె దిక్కు చూసిండు.

పోయేటప్పుడు వంటింటి ఎనక గది ముంగట ఆగిన.
గదంటే మంచం, మంచం మీద గాలొచ్చే జాలి.
బటనేదమ్మా అంటే
హాలు దిక్కు చెయ్యి చూపెట్టింది.

సంచిల ఒక స్విచ్చు ఉండె.
నిచ్చెన మిషాలే పట్టుకున్నడు.

నెలాఖరుకు వాళ్ళ నాయిన
బిల్లు మీద వేలు పెట్టిండు:
ఈ ఎనిమిది మీటర్ల వైరు దేనికి?

నేను నోరు తెరవకముందే
"దబ్‌కు" అన్నడు పిల్లగాడు.